డెల్టాలో సైకిలు: ప్రమాదమెంత, భయమెంత?

గోదావరి జిల్లాల్లో సైకిలు గురించి ఇవాళ రెండు మాటలు వినిపిస్తాయి. ఆరోగ్యానికీ పర్యావరణానికీ దానంత మేలైన బండి లేదన్నది ఒకటి. ఈ రోడ్ల మీద సైకిలెక్కినవాళ్లు ఇంటికి తిరిగొచ్చేదాకా నమ్మకం లేదన్నది రెండోది. చాలాసార్లు రెండు మాటలూ అనేది ఒకరే. మొదటిది సభలో అంటారు, రెండోది కూతురు సైకిలు కొనమని అడిగినప్పుడు అంటారు.

సైకిలు భద్రత మీద ప్రపంచంలో అర్ధశతాబ్దానికి పైగా వాదోపవాదాలు నడుస్తున్నాయి. వాటిలో ఎక్కువ భాగం యూరప్, అమెరికా నగరాల్లో పుట్టాయి. కాలవ గట్ల మీద రోడ్లు, రోడ్డు మీద ఆరబోసిన ధాన్యం, అరటి గెలలు మోసే సైకిళ్లు వాళ్ల లెక్కల్లో లేవు. ఆ వాదాల్లో మన డెల్టాకు పనికొచ్చేదెంత, పనికిరానిదెంత అని చూడటమే ఈ సమీక్ష పని. చర్చ ఇంతగా చిక్కుపడటానికి కారణం మూడు వేర్వేరు ప్రశ్నలను ఒకే ముడి వేయడం. నిజంగా ప్రమాదం ఎంత? జనం ఎంత అనుకుంటున్నారు? ఈ రెంటికీ పొంతన లేనప్పుడు రోడ్లు వేసేవాళ్లు ఎవరి మాట వినాలి? ముందుగా ఈ మూడింటినీ విడదీయాలి.

సైకిలుకు అనువైన నేల

ధవళేశ్వరం దగ్గర ఆర్థర్ కాటన్ కట్టించిన ఆనకట్ట పని 1847లో మొదలై 1852లో ముగిసింది. అక్కణ్నుంచి తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టాలకు కాలవలు చీలాయి. చేలకు నీళ్లిచ్చిన కాలవలే ఊళ్లకు దారులూ ఇచ్చాయి. మొదట వాటిలో పడవలు నడిచాయి, తర్వాత గట్ల మీద ఎడ్లబళ్లు, ఆపైన సైకిళ్లు వచ్చాయి. సముద్ర మట్టానికి కొద్ది మీటర్ల ఎత్తులోనే ఉన్న చదును నేల ఇది. ఊళ్లు దగ్గర దగ్గరగా ఉంటాయి. వంతెన లేని రేవులో మనిషినీ సైకిలునూ కలిపి దాటించే పంటు ఉంటుంది. ఎదురుగాలి తప్ప తొక్కేవాణ్ని ఆపే ఎత్తుపల్లాలేవీ లేవు.

ఆ రోజుల్లో రోడ్డు మీద జోరుగా పోయేవాటిలో సైకిలొకటి. అందుకే నిబంధనలు కూడా సైకిలువాణ్ని అదుపులో పెట్టేందుకే ఎక్కువగా ఉండేవి. పన్ను కట్టి బిళ్ల తగిలించుకోవాలి. రాత్రిపూట లైటు లేకపోతే పోలీసులు ఆపేవారు, డబుల్స్ తొక్కినా ఆపేవారు. సైకిలు వల్ల నడిచేవాడికి దెబ్బ తగలకూడదన్నది అప్పటి ఆలోచన. సైకిలువాడికే దెబ్బ తగులుతుందన్న ఆలోచన తర్వాత వచ్చింది.

ఆ మార్పు ఒక్కరోజులో రాలేదు. రాజమండ్రి–కొవ్వూరుల మధ్య రైలు కమ్ రోడ్డు వంతెన 1974 నవంబరులో మొదలైంది. యానాం–యెదుర్లంక వారధి 2002లో వచ్చింది. స్వర్ణ చతుర్భుజిలో భాగంగా రావులపాలెం, తణుకుల మీదుగా వెళ్లే జాతీయ రహదారి నాలుగు వరుసలైంది. కత్తిపూడి నుంచి కాకినాడ, అమలాపురం, నరసాపురం వైపు సాగే 216వ నంబరు రహదారి కోనసీమను కోస్తా రవాణాకు కలిపింది. రాజమండ్రి దగ్గర గోదావరి మీద మరో నాలుగు వరుసల వంతెన 2015లో సిద్ధమైంది. ప్రతి వంతెనా ఊళ్ల మధ్య దూరాన్ని తగ్గించింది, దాంతోపాటు లారీని ఊరి గుమ్మం దాకా తెచ్చింది. ఇదే కాలంలో మోటారు సైకిలు సామాన్యుడి ఇంటికి చేరింది. షేర్ ఆటోలు, స్కూలు వ్యాన్లు పెరిగాయి. చేపల చెరువుల వ్యాపారం విస్తరించి భీమవరం చుట్టూ ఐసు పెట్టెలతో నడిచే లారీల రద్దీ హెచ్చింది. రోడ్డు వెడల్పు పెరిగినంత వేగంగా సైకిలుకు చోటు పెరగలేదు.

లెక్కలు చెప్పేది, చెప్పనిది

కేంద్ర రోడ్డు రవాణా మంత్రిత్వ శాఖ నివేదిక ప్రకారం 2022లో దేశంలో 4,61,312 రోడ్డు ప్రమాదాలు జరిగాయి. వాటిలో 1,68,491 మంది చనిపోయారు. మృతుల్లో సైకిలు మీద వెళుతున్నవాళ్లు 4,836 మంది, అంటే నూటికి మూడుకు కాస్త తక్కువ. పాదచారులు 32,825 మంది. మోటారు ద్విచక్ర వాహనాల మీద పోయినవాళ్లు 74,897 మంది, నూటికి 44 పైన. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో ఇచ్చిన నివేదికలో ప్రపంచవ్యాప్త మృతుల్లో సైకిలిస్టుల వాటా సుమారు 6 శాతం.

ఈ అంకెలు చూసి సైకిలే అన్నిటికన్నా సురక్షితమని తేల్చేవాళ్లున్నారు. ఆ నిర్ణయం నిలవదని చెప్పడానికి రెండు కారణాలున్నాయి.

మొదటిది లెక్కకు రాని గాయాలు. మన నివేదికలకు ఆధారం పోలీసు కేసులు. మరణం దాదాపుగా నమోదవుతుంది, చిన్న గాయం నమోదు కాదు. బురదలో జారి చెయ్యి విరిగిన పిల్లవాడు, గేదె అడ్డం వచ్చి పడిపోయిన పెద్దాయన ఆసుపత్రికి వెళతారే గానీ స్టేషనుకు వెళ్లరు. ఐఐటీ ఢిల్లీలో దినేశ్ మోహన్, గీతం తివారీ వంటి పరిశోధకులు దశాబ్దాలుగా ఇదే చెబుతూ వచ్చారు. పోలీసు లెక్కల్లో గాయపడ్డవాళ్ల సంఖ్య చాలా తక్కువగా కనిపిస్తుందనీ, నడిచేవాళ్ల, సైకిలువాళ్ల విషయంలో ఆ లోటు మరింత ఎక్కువనీ వాళ్ల వాదన.

రెండోది, ఇంకా పెద్దది. ఎంతమంది పోయారన్నది తెలుసు గానీ, ఎంతమంది ఎన్ని కిలోమీటర్లు తొక్కితే అంతమంది పోయారన్నది నివేదిక చెప్పదు. ఒక మండలంలో ఒకప్పుడు వందమంది సైకిలు తొక్కితే ఏటా ఇద్దరికి ప్రమాదం జరిగేదనుకుందాం. ఇప్పుడు పదిమందే తొక్కుతున్నారు, ఒకరికి ప్రమాదం జరిగింది. కాగితం మీద ప్రమాదాలు సగానికి తగ్గాయి. తొక్కేవాడి పాలిట మాత్రం ముప్పు అయిదు రెట్లు పెరిగింది.

ఈ మర్మాన్ని బ్రిటన్‌లో మేయర్ హిల్‌మన్ అనే పరిశోధకుడు, ఆయన సహచరులు 1990లో బయటపెట్టారు. అక్కడ ఏడెనిమిదేళ్ల పిల్లల్లో 1971లో నూటికి 80 మంది పెద్దల తోడు లేకుండా బడికి వెళ్లేవారు. 1990 నాటికి అది 9కి పడిపోయింది. రోడ్డు మీద పిల్లల మరణాలు తగ్గాయని ప్రభుత్వం సంతోషిస్తే, రోడ్డు భద్రంగా మారలేదనీ, పిల్లల్ని రోడ్డు మీద నుంచి తీసేశారనీ ఆయన జవాబిచ్చారు. మన హైస్కూళ్ల సైకిలు షెడ్లు ఖాళీ అవుతున్న ఈ కాలంలో ఆ హెచ్చరిక మనకూ వర్తిస్తుంది.

భయం దేన్ని కొలుస్తుంది

లెక్కలు ఇలా సగమే చెబితే, జనాభిప్రాయం మిగతా సగం చెబుతుందా? ప్రమాద భావన మీద జరిగిన పరిశోధన ఇక్కడ అక్కరకొస్తుంది. మనుషులు తాము కోరి తెచ్చుకున్న ముప్పును, తమ మీద ఇతరులు రుద్దిన ముప్పుకన్నా దాదాపు వెయ్యి రెట్లు ఎక్కువగా సహిస్తారని చాన్సీ స్టార్ 1969లో అంచనా కట్టారు. పాల్ స్లోవిక్ 1987లో దాన్ని ఇంకా లోతుగా చూపించారు. సామాన్యుడు ప్రమాదాన్ని మరణాల సంఖ్యతో మాత్రమే తూచడు. అది తన చేతుల్లో ఉందా, ఎంత భీతి కలిగిస్తుంది, దెబ్బ పిల్లలకు తగులుతుందా అన్నవి కూడా అతని తూకంలో ఉంటాయి.

సైకిలు విషయంలో ఇవన్నీ ఒక్కచోట కలుస్తాయి. ముప్పు వెనకనుంచి వస్తుంది, తొక్కేవాడికి కనిపించదు. బ్రేకు అతని చేతిలో ఉన్నా తప్పించే శక్తి లారీ డ్రైవరు చేతిలో ఉంటుంది. మోటారు సైకిలు మీద ఎనభైలో పోయే కుర్రవాడికి తానే నడుపుతున్నానన్న ధీమా ఉంటుంది, అందుకే ఎక్కువమందిని బలి తీసుకునే ఆ బండి తక్కువ భయం పుట్టిస్తుంది.

అయితే జనభయం వట్టి అపోహ అనుకోవడం కూడా పొరపాటే. బ్రిటన్‌లో రేచల్ ఆల్డ్రెడ్ త్రుటిలో తప్పిన ప్రమాదాలను లెక్కించారు. రోజూ సైకిలు తొక్కేవాళ్లకు గుండె ఝల్లుమనే సంఘటన సగటున వారానికొకటి ఎదురవుతోందని తేలింది. నెమ్మదిగా తొక్కేవాళ్లకు ఆ అనుభవం మరీ ఎక్కువ. మెల్లగా వెళ్లేవాణ్ని దాటిపోయే బండ్లు ఎక్కువ గనుక ఇది సహజమే. స్త్రీలు, పిల్లలు, ముసలివాళ్లు భయపడతారంటే వాళ్లు పిరికివాళ్లు కారు, ఎదురయ్యే ముప్పులే వాళ్లకు ఎక్కువ. దెబ్బ తగలని ప్రమాదం ఏ పోలీసు రికార్డుకూ ఎక్కదు. అది నిల్వ ఉండేది జనం భయంలోనే.

డెల్టా రోడ్లు, రకరకాల భయాలు

డెల్టాలో సైకిలు భయం ఒకే రకంగా ఉండదు. రోడ్డును బట్టి మారుతుంది. కింది పోలిక చూస్తే ఒక్క మందు అన్ని రోడ్లకూ ఎందుకు పనిచేయదో అర్థమవుతుంది.

గట్టు రోడ్డు: ఒక పక్క కాలవ, రెండో పక్క పల్లం. బస్సు ఎదురైతే ఎవరో ఒకరు అంచుకు దిగాలి, దిగేది సైకిలే. సార్వాలో కాలవ నిండుగా పారుతున్నప్పుడు భయం నీళ్ల గురించి. కోతల రోజుల్లో రోడ్డు సగం మేర ధాన్యం ఆరబోస్తే మిగిలిన సగంలో అన్ని బండ్లతో పోటీ గురించి. చీకటి పడ్డాక ధాన్యం చుట్టూ పెట్టిన రాళ్లు మరో గండం. ఇక్కడ వేగం మధ్యస్థం, చోటు అతి తక్కువ.

జాతీయ రహదారి: చోటు ఉంది, వేగాల మధ్య తేడా విపరీతం. సర్వీసు రోడ్డు మధ్యలో తెగిపోయిన చోట, దాటే దారి దూరంగా ఉన్న చోట సైకిలువాడు ఎదురు దిశలో వస్తాడు. చట్టం దృష్టిలో అది తప్పు. అతని దృష్టిలో మండుటెండలో రెండు మూడు కిలోమీటర్లు కలిసిరావడం. ప్రమాదాల కూడలిగా పేరుపడ్డ రాజమండ్రి మోరంపూడి వంటి చోట్ల భయం రోడ్డు వెంట పోవడం గురించి కాదు, రోడ్డు దాటడం గురించి.

వంతెన: ఇక్కడ దిగి నిలబడే చోటే లేదు. నదిమీద గాలి ఒక పక్కకు నెడుతుంది, వెనక లారీ హారన్ కొడుతుంది. డెల్టాలో నది దాటకుండా దూరం పోలేం గనుక, మిగతా దారంతా ఎంత బాగున్నా ఈ ఒక్క ముక్కే ప్రయాణాన్ని మాన్పిస్తుంది.

పట్టణం రోడ్డు: రాజమండ్రి దేవీచౌక్, కోటగుమ్మం ప్రాంతాల్లో, భీమవరం, కాకినాడ బజార్లలో వేగం తక్కువ కాబట్టి ప్రాణాంతకమైన దెబ్బలు తక్కువే. చికాకు మాత్రం ఎక్కువ. ఆటో ఉన్నట్టుండి ఆగుతుంది, ఆగిన కారు తలుపు తెరుచుకుంటుంది, అంచున మూత లేని డ్రైను ఉంటుంది.

ఊరి దారి, పుంత: మోటారు రద్దీ తక్కువ. బురద, కుక్కలు, గేదెలు, చీకటి ఇక్కడి ముప్పులు. గాయాలు జరుగుతాయి గానీ లెక్కకు రావు.

పరిష్కారాల బజారులో అయిదు వాదాలు

మొదటిది జాగ్రత్త వాదం. తొక్కేవాడు తనను తాను కాపాడుకోవాలి, హెల్మెట్ పెట్టుకోవాలి, లైటు వేసుకోవాలి, రిఫ్లెక్టర్లు అతికించుకోవాలి. దీనికి గట్టి ఆధారాలే ఉన్నాయి. 40 అధ్యయనాలను కలిపి ఆలివియర్, క్రైటన్ 2016లో చేసిన విశ్లేషణలో, ప్రమాదంలో పడ్డవాళ్లలో హెల్మెట్ ఉన్నవాళ్లకు తలకు తీవ్ర గాయమయ్యే అవకాశం 69 శాతం తక్కువని తేలింది. డెన్మార్క్‌లోని ఓడెన్స్‌లో పగలూ రాత్రీ వెలిగే లైట్లు బిగించిన సైకిళ్లకు ప్రమాదాలు 19 శాతం తగ్గాయి. మన కేంద్ర ప్రభుత్వం కూడా సైకిలు రిఫ్లెక్టర్ల నాణ్యత మీద 2020లో ఉత్తర్వు ఇచ్చింది. విమర్శ ఏమిటంటే, ఈ వాదం గుద్దినవాణ్ని వదిలి దెబ్బతిన్నవాడికి పాఠం చెబుతుంది. పైగా ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రం 1990లో హెల్మెట్ తప్పనిసరి చేశాక సైకిలు తొక్కేవాళ్లే తగ్గారా లేదా అన్న వాదన ఇప్పటికీ నడుస్తోంది. గెల మోసే రైతుకు, ఉక్కపోతలో చేపలమ్మే మనిషికి హెల్మెట్ ఎంతవరకు సాధ్యమన్నది ఇక్కడి అదనపు ప్రశ్న.

రెండోది నైపుణ్య వాదం. అమెరికాలో జాన్ ఫారెస్టర్ 1970లలో దీన్ని బలంగా వినిపించారు. సైకిలు కూడా ఒక వాహనమే, అంచున నక్కకుండా లేన్‌లో ధీమాగా, నియమాల ప్రకారం నడపాలి, శిక్షణ ఇస్తే చాలు అన్నది సారాంశం. ఇది బలమైన కాళ్లున్న వయోజనులకు నప్పుతుంది. అంచున ఒదగకుండా గట్టు రోడ్డు మధ్యలో వెళ్లమని పన్నెండేళ్ల పిల్లకు చెప్పగలమా అన్నచోట ఇది ఆగిపోతుంది.

మూడోది విడి దారి వాదం. నెదర్లాండ్స్‌లో 1971లో రోడ్ల మీద మూడు వేలకు పైగా చనిపోతే వారిలో నాలుగు వందలకు పైగా పిల్లలే. పిల్లల హత్యలు ఆపండి అంటూ తల్లిదండ్రులు వీధికెక్కారు. 1973 చమురు సంక్షోభం వాళ్లకు కలిసొచ్చింది. ఆ తర్వాత దశాబ్దాల్లో అక్కడ సైకిళ్లకు ప్రత్యేక దారులు వెలిశాయి. భారత రోడ్ల కాంగ్రెస్ కూడా సైకిలు దారుల మీద 1962లోనే ప్రమాణాలు ప్రకటించింది, 2015లో వాటిని సవరించింది. అంటే మనకు లేనిది నమూనా కాదు, అమలు. హైదరాబాదు ఔటర్ రింగు రోడ్డు పక్కన 2023 అక్టోబరులో 23 కిలోమీటర్ల మేర సౌర ఫలకాల కప్పుతో సైకిలు దారి ప్రారంభమైంది. వ్యాయామానికి అది బాగుంది. పనికి, బడికి వెళ్లేవాళ్ల దారుల్లో ఇలాంటిది ఎప్పుడొస్తుందన్నది విమర్శకుల ప్రశ్న. డెల్టాలోనైతే గట్టు మీద విడి దారికి చోటే తక్కువ. విస్తరించాలంటే కాలవనో చేలనో తినాలి.

నాలుగోది వేగ నియంత్రణ వాదం. సగటు వేగం ఒక శాతం పెరిగితే మరణాంతక ప్రమాదాల ముప్పు సుమారు నాలుగు శాతం పెరుగుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. నడిచేవాళ్లు, సైకిలువాళ్లు బండ్లతో కలిసి తిరిగే చోట గంటకు 30 కిలోమీటర్లు దాటకూడదని 2020 నాటి స్టాక్‌హోం ప్రకటన కోరింది. మన దేశంలో 2018 నోటిఫికేషను మున్సిపల్ రోడ్ల మీద కార్లకు ఇచ్చిన గరిష్ఠ పరిమితి గంటకు 70. రాష్ట్రాలు దీన్ని తగ్గించుకోవచ్చు. విడి దారి సాధ్యం కాని గట్టు రోడ్డుకు ఇదే సరిపోయే మందని ఈ వాదులు అంటారు. హంపులు వేస్తే అంబులెన్సుకు ఇబ్బంది, కెమెరాలు పెడితే నిర్వహణ భారం, పోలీసులను పెడితే నాలుగు రోజుల ముచ్చట అన్నవి ఎదురు వాదనలు.

అయిదోది సంఖ్యా బలం వాదం. ఎక్కువమంది తొక్కితే ఒక్కొక్కరి ముప్పు తగ్గుతుందని జాకబ్సన్ 2003లో అనేక నగరాల, దేశాల లెక్కలతో చూపించారు. ఒక ఊళ్లో తొక్కేవాళ్లు రెట్టింపయితే ఒక్కొక్కరి ప్రమాదం సుమారు మూడో వంతు తగ్గుతుంది. డ్రైవర్ల కళ్లు సైకిలుకు అలవాటు పడటమే కారణమని ఆయన ఊహ. విమర్శకులు దీన్ని తిరగేస్తారు. జనం ఎక్కువగా తొక్కడం వల్ల రోడ్డు భద్రమైందా, భద్రమైన రోడ్డు గనుక జనం ఎక్కువగా తొక్కుతున్నారా? ఈ కారణ కార్య ముడి ఇంకా విడలేదు. తగ్గుతున్న సంఖ్యల డెల్టాకు మాత్రం దీని తలకిందుల అర్థం కలవరపెట్టేదే. ఒక్కొక్కరు సైకిలు మానేసిన కొద్దీ మిగిలినవాళ్ల ముప్పు పెరుగుతుంది.

వీటన్నిటికీ భిన్నంగా, పేరు పెట్టుకోని ఆరో ధోరణి ఒకటుంది. సైకిలును పెద్ద రోడ్ల నుంచి తప్పించడం. కోల్‌కతాలో 2013 నాటికి 174 వీధుల్లో సైకిళ్లను నిషేధించారు. మోటారు వాహనాల చట్టానికి 2019లో చేర్చిన 138(1ఎ) ఉపవిభాగం, యంత్రం లేని వాహనాలు, పాదచారుల రాకపోకల మీద భద్రత కోసం నియమాలు చేసే అధికారం రాష్ట్రాలకిచ్చింది. ఆ నియమాలు రూపొందించాలని 2025 అక్టోబరులో సుప్రీంకోర్టు రాష్ట్రాలను ఆదేశించింది. ఈ అధికారం సైకిలుకు రక్ష అవుతుందో, నిషేధపు బోర్డు అవుతుందో నియమాలు రాసే చేతుల్లో ఉంది.

సంగ్రహంగా చెప్పాలంటే

జాగ్రత్త వాదం: బాధ్యత తొక్కేవాడిది. ఖర్చు తక్కువ, ఫలితం త్వరగా కనిపిస్తుంది. భయాన్ని తగ్గించదు, దెబ్బను తగ్గిస్తుంది.

నైపుణ్య వాదం: బాధ్యత తొక్కేవాడిదే. వయోజనులకు పనికొస్తుంది, పిల్లలకు పనికిరాదు.

విడి దారి వాదం: బాధ్యత ఇంజనీరుది. భయాన్నీ ప్రమాదాన్నీ రెంటినీ తగ్గించగలదు. చోటు, డబ్బు కావాలి. హైవేకు, కొత్త వంతెనకు నప్పుతుంది, గట్టుకు కష్టం.

వేగ నియంత్రణ వాదం: బాధ్యత బండి నడిపేవాడిది, పోలీసులది. గట్టుకు, బడి ముందు రోడ్డుకు, బజారుకు నప్పుతుంది. అమలు నిలకడగా ఉంటేనే ఫలితం.

సంఖ్యా బలం వాదం: బాధ్యత సమాజానిది. వేరే చర్యలకు తోడుగా పనికొస్తుంది. భయపడే తల్లికి విడిగా చెప్పడానికి పనికిరాదు.

సైకిలు దిగితే ప్రమాదం పోతుందా

జనభయం మీద వచ్చే గట్టి విమర్శ ఇక్కడుంది. భయంతో సైకిలు మాన్పించిన ఇంట్లో పిల్లలు కాళ్లు ముడుచుకుని కూర్చోరు, ఇంకో బండెక్కుతారు. పరిమితికి మించి పిల్లల్ని కుక్కిన ఆటో, పద్ధెనిమిదేళ్లు నిండని కుర్రవాడి చేతిలో స్కూటరు ఆ ఖాళీని నింపుతున్నాయి. పిల్లలకు బండి ఇస్తే పెద్దలకు మూడేళ్ల జైలు, 25 వేల రూపాయల జరిమానా దాకా విధించేలా 2019 సవరణ 199ఎ సెక్షను తెచ్చింది. అంత కఠినమైన చట్టం అవసరమైందంటేనే ఆ అలవాటు ఎంతగా పాకిందో తెలుస్తుంది. మృతుల్లో నూటికి 44 మంది ఏ బండి మీదివాళ్లో గుర్తుచేసుకుంటే, సైకిలు నుంచి మోటారు సైకిలుకు మారడం భద్రత వైపు అడుగని చెప్పడం కష్టం.

ఆరోగ్యపు లెక్క కూడా వేయాలి. కారు మాని సైకిలెక్కే డచ్చివాడికి వ్యాయామం వల్ల 3 నుంచి 14 నెలల ఆయుష్షు కలిసొస్తే, ప్రమాదాల వల్ల పోయేది 5 నుంచి 9 రోజులని 2010 నాటి ఒక అధ్యయనం లెక్కగట్టింది. నెదర్లాండ్స్ రోడ్ల మీది ఆ నిష్పత్తిని మన రోడ్లకు ఉన్నదున్నట్టు తెచ్చుకోలేం. ఇక్కడ ప్రమాదపు పాలు ఎక్కువ. అయినా తూకంలో రెండు తట్టలున్నాయని అది గుర్తు చేస్తుంది. భయం ఒక తట్టనే చూస్తుంది.

దీనికి తల్లిదండ్రుల పక్షం జవాబు కూడా తేలికైంది కాదు. ఆరోగ్య లాభం ఇరవై ఏళ్ల తర్వాత, వేలమంది సగటులో కనిపిస్తుంది. నష్టం జరిగితే ఇవాళే, ఒక్క ఇంట్లోనే జరుగుతుంది. సగటు చూపించి ఒక ఇంటిని ఒప్పించలేం. ఒప్పించాలంటే రోడ్డు మారాలి.

ఎవరి భయానికి విలువ

చర్చలో సరిగ్గా వినిపించని గొంతులు రెండున్నాయి. ఒకటి ఆడపిల్లలది. బీహారులో 2006లో మొదలైన బాలికల సైకిలు పథకం వల్ల హైస్కూలులో వాళ్ల చేరికలు 32 శాతం పెరిగాయని మురళీధరన్, ప్రకాశ్ 2017లో ప్రచురించిన అధ్యయనం చెప్పింది. ఆంధ్రప్రదేశ్‌లో 2016-17 నుంచి ‘బడికొస్తా’ పేరుతో ప్రభుత్వ బడుల బాలికలకు సైకిళ్లు ఇచ్చారు. ఈ పథకాలు సైకిలిచ్చాయి గానీ దారినివ్వలేదు. ఆడపిల్ల భయంలో లారీ ఒక్కటే ఉండదు. చీకటి దారి, వెంటపడే ఆకతాయి బండి, పంక్చరైతే నిర్మానుష్యమైన గట్టు మీద నిలబడాల్సి రావడం కూడా ఉంటాయి. రోడ్డు భద్రత శాఖ లెక్కల్లో వీటికి గడి లేదు. ఈ భయాలు చెప్పుకోవడానికి వీల్లేక ఇంట్లో అన్నిటికీ ‘లారీలు ఎక్కువ’ అన్న ఒక్క కారణమే చెప్పడం కూడా సహజం.

రెండో గొంతు పనివాళ్లది. అరటి గెలలు, కొబ్బరి బొండాలు, పాల క్యానులు, చేపల బుట్టలు మోసే సైకిళ్లు తెల్లవారుజామునా మసక వేళా, అంటే డ్రైవర్ల కళ్లు మూతలు పడే వేళల్లో, రోడ్డెక్కుతాయి. బరువుతో తూలే సైకిలు అంచుకు చటుక్కున దిగలేదు. వీళ్లు భయం లేనివాళ్లుగా కనిపిస్తారు. నిజానికి వాళ్లకు భయపడే వెసులుబాటు లేదు. సైకిలు భద్రత మీద అభిప్రాయ సేకరణ చేస్తే తొక్కడం మానుకున్నవాళ్లే ఎక్కువగా మాట్లాడతారు, మానుకోలేనివాళ్లు తక్కువ. ఆదివారం ఉదయం గేరు సైకిళ్ల మీద బృందాలుగా వెళ్లే పట్టణ యువకుల కోరికలకు, పొద్దున్నే గెలతో వెళ్లే రైతు అవసరాలకు పొత్తు కుదిరే చోట్లూ ఉన్నాయి, కుదరని చోట్లూ ఉన్నాయి. మొదటివాళ్లకు సాఫీ దారి కావాలి, రెండోవాళ్లకు రోడ్డు అంచున బండి దించినా కూలని భుజం కావాలి.

ఇంకా తేలనివి

నాలుగు విషయాలు ఇంకా వాదనలోనే ఉన్నాయి. హెల్మెట్‌ను చట్టంతో తప్పనిసరి చేస్తే మేలా, కీడా అన్నది మొదటిది. తల గాయం మీద ఆధారం స్పష్టమే, జనం సైకిలు మానేస్తారా అన్నది స్పష్టం కాదు. సంఖ్యా బలంలో ముందు వచ్చేది జనమా, భద్రతా అన్నది రెండోది. మూడోది, యూరప్ నగరాల్లో పుట్టిన సూత్రాలు మోటారు సైకిళ్లే రాజ్యమేలే రోడ్డుకు ఎంతవరకు నప్పుతాయన్నది. అక్కడ సైకిలుకు ప్రత్యర్థి కారు, ఇక్కడ ఎక్కువగా మరో రెండు చక్రాల బండి. విడి దారి వేస్తే అందులోకి ముందు దూరేది కూడా అదే. నాలుగోది, ఎలక్ట్రిక్ సైకిళ్లు, తక్కువ వేగపు స్కూటర్లు పెరిగేకొద్దీ సైకిలు అంటే ఏది, దాని వేగం ఎంత అన్న హద్దు చెరిగిపోవడం.

వాదాలు విడిపోయినా కలిసే చోట్లు కూడా ఉన్నాయి. బడి దగ్గరా, కూడలి దగ్గరా వేగం తగ్గాలన్నదాన్ని ఏ పక్షమూ కాదనదు. వెనక లైటు, రిఫ్లెక్టరు ఉండాలన్నదాన్నీ కాదనదు. ధాన్యం ఆరబోతకు కళ్లాలు కట్టిస్తే రైతుకూ సైకిలుకూ మేలన్నది కూడా వివాదం లేని మాటే. అన్నిటికన్నా ముందు తొక్కేవాళ్లను లెక్కపెట్టాలి. వంతెన మొదట్లో, లాకుల దగ్గర, హైస్కూలు గేటు ముందు ఏటా ఒక వారం సైకిళ్లను లెక్కిస్తే, మరణాల అంకె కింద పెట్టాల్సిన అసలు అంకె దొరుకుతుంది. అదే కాగితం మీద ఎక్కడెక్కడ భయం వేసిందో పిల్లలతో గుర్తు పెట్టిస్తే, త్రుటిలో తప్పిన ప్రమాదాల పటం తయారవుతుంది. దీనికి పెద్ద నిధులక్కర్లేదు.

2027 గోదావరి పుష్కరాలు దగ్గరపడుతున్నాయి. రోడ్ల విస్తరణకు అంచనాలు వేసే కాలం ఇదే. గీసే ప్రతి డ్రాయింగులో వరుసలెన్ని అన్న ప్రశ్న ఉంటుంది. సైకిలు ఎక్కడ అన్న ప్రశ్న కూడా అక్కడే వేయాలి, ఎందుకంటే తారు పోశాక దానికి జవాబు ఖరీదవుతుంది.

ఈ సమీక్ష తేల్చగలిగినంతవరకు డెల్టాలో సైకిలు భయం అతిశయోక్తీ కాదు, పూర్తి సత్యమూ కాదు. ఎక్కడ రోడ్డు చెడిందో అది సరిగ్గానే చూపిస్తుంది, ఏ బండి ఎక్కితే క్షేమమో చెప్పడంలో తరచూ దారి తప్పుతుంది. అందుకే మొదటి విషయంలో ఇంజనీరు తల్లిదండ్రుల మాట వినాలి, రెండో విషయంలో తల్లిదండ్రులు లెక్కల మాట వినాలి. ఇప్పుడు జరుగుతున్నది దీనికి సరిగ్గా వ్యతిరేకం. రోడ్డు వేసేవాళ్లు మరణాల అంకె చిన్నదని భయాన్ని పక్కన పెడుతున్నారు, ఇళ్లలో భయం పెద్దదని అంకెల్ని పక్కన పెడుతున్నారు. ఈ రెండు పొరపాట్ల ఖరీదు సైకిలు మానుకోలేనివాళ్లే చెల్లిస్తున్నారు.